పావంగుళం బావగారు

ఆయనకున్నది ఒకటే పిచ్చి. కంటికి కనిపించినదాన్నల్లా కొలుస్తాడు. మనిషి కనిపిస్తే మరీను. దర్జీ అన్నాక ఆ మాత్రం ఉండదా అంటారేమో, ఉంటుంది, ఎందుకుండదు. కానీ మిగతా దర్జీలు కొట్లో కొలుస్తారు, అడిగినవాళ్లని కొలుస్తారు. ఈయన బస్సులో, బ్యాంకులో, ఆసుపత్రి వరండాలో, ఎవరూ అడక్కుండా కళ్లతోనే కొలిచేసి, వచ్చిన అంకె పైకి చెప్పేస్తాడు.

"బాగున్నారా" అని పలకరించడం ఆయనకి రాదు. ఎదురుపడ్డ మనిషి నడుం వైపు ఒక చూపు చూసి, "ముప్పావు పెరిగారు" అంటాడు. అవతలివాళ్లు నొచ్చుకుంటే ఈయనకి ఆశ్చర్యం. "ఉన్నదే చెప్పానండీ. పావంగుళం ఎక్కువ చెప్పలేదు, పావంగుళం తక్కువ చెప్పలేదు" అంటాడు. ఆ మాట రోజుకి నలభైసార్లు ఆయన నోట వినీ వినీ బజారంతా ఆయన్ని పావంగుళం మాస్టారు అని పిలవడం మొదలుపెట్టింది. అసలు పేరు ఏదో కాగితంలో ఉందంటారు గానీ, దాంతో ఎవరికీ అవసరం పడలేదు.

పెళ్లికి ముందు తన భార్యతో ఆయన మాట్లాడిన మొట్టమొదటి మాట, "మీ ఎడమ భుజం కుడిదానికన్నా పావంగుళం కిందికుంది" అని. ఆవిడ ఆ మాట మనసులో పెట్టుకుని ముప్పై మూడేళ్లుగా ఎడమ భుజం కాస్త ఎత్తిపట్టుకునే తిరుగుతోంది. ఈమధ్య కుడిది దిగిందట. అదీ ఆయనే చెప్పాడు.

ఒకసారి ఒక వకీలుగారికి కోటు కుట్టి ఇచ్చేశాక, మధ్య బొత్తం పావంగుళం పక్కకి పడిందేమోనని అనుమానం వచ్చింది. వాన కురుస్తోంది. అయినా గొడుగేసుకుని వాళ్లింటికి వెళ్లాడు. వకీలుగారు కోర్టు నుంచి అప్పుడే వచ్చి, కోటు కూడా విప్పకుండా భోజనానికి కూర్చున్నారు. "మీరు కానివ్వండి, మీ అన్నం మీది, నా బొత్తం నాది" అని పక్కన చతికిలబడి, ఆయన తింటూ ఉండగానే బొత్తం విప్పి, మళ్లీ కుట్టి, దారం పళ్లతో తెంపుకుని వచ్చాడు.

టేపుల దగ్గర మరీ మూర్ఖుడు. గుడ్డ టేపు వాడగా వాడగా సాగుతుంది. సాగిన టేపులో అంగుళం అసలు అంగుళం కంటే పొడుగు. దాంతో కొలిస్తే నలభై ఉన్న నడుం కూడా ముప్పై తొమ్మిదే చూపిస్తుంది, ఆ అంకె నమ్మి కత్తిరిస్తే బట్ట బిగుసుకుపోతుంది. అందుకని నెలకోసారి తన టేపుని ఇనుప గజంబద్ద మీద పరిచి చూస్తాడు. దారప్పోగంత తేడా కనబడినా సరే, కత్తెర తీసి ముక్కలు ముక్కలు చేస్తాడు. "ఊరికే పారేస్తే ఎవడో ఒకడు ఏరుకుని వాడతాడు. అబద్ధం చెప్పే టేపు బతక్కూడదు" అంటాడు. ఒకసారి పక్క వీధి దర్జీ కొట్లోకి వెళ్లి, మాటల్లో పెట్టి, ఆయన టేపు కూడా కోసేసి వచ్చాడు. ఆ దర్జీ ఈయన మొహం చూడ్డం మానేసి తొమ్మిదేళ్లయింది.

ఇటువంటి మనిషి చెల్లెల్ని చేసుకున్నాడు వాచీలాయన.

వాచీలాయన పని చేతివాచీలు, గోడగడియారాలు బాగుచెయ్యడం. బజార్లో ఒక మేడమెట్ల కింద ఆయన కొట్టు. లోపల ఒక స్టూలు, ఒక బల్ల, ఒక దీపం, ఒక మనిషి పడతారు. నాలుగు కొట్ల అవతల బావగారి దర్జీ కొట్టు. అక్కడ వాచీలాయన భార్య కూర్చుని అన్నగారు కుట్టిన చొక్కాలకి కాజాలు కుట్టేది. ఇరవై ఆరేళ్లు కుట్టింది. అన్నగారు ఎవరి నడుమో ప్రకటించి ఎవరి చేతో తిట్లు తిన్నప్పుడల్లా, ఆవిడ నవ్వు నాలుగు కొట్లు దాటి మెట్ల కిందికి వినబడేది. వాచీలాయన కంటికి తగిలించుకున్న భూతద్దం తియ్యకుండానే, ఇవాళ ఎవరి వంతో అనుకుని తనూ నవ్వుకునేవాడు.

ఆవిడ మూడు నెలలు జబ్బుపడి పోయింది.

ఆరోజు ఇంటినిండా జనం. ఆవిడ మీద తెల్లదుప్పటి కప్పారు. అన్నగారు ఏడవలేదు, గోడకి ఆనుకుని నిలబడి చాలాసేపు ఆ దుప్పటినే చూశాడు. చివరికి వంగి, "ఇటుపక్క పావంగుళం ఎక్కువ దిగింది" అని అంచు సర్దాడు. కాసేపాగి అటుపక్క సర్దాడు. అలా అయిదారుసార్లు సర్దాడు. చూసినవాళ్లు ఇంత దుఃఖంలోనూ ఈయన పిచ్చి ఈయనదే అనుకున్నారు. వాచీలాయన ఏమీ అనుకోలేదు. అనుకునే స్థితిలో లేడు.

అప్పట్నించీ వాచీలాయన లేవడం మానేశాడు. పొద్దున్నే కొట్టుకి వెళ్లేవాడు, స్టూలు మీద కూర్చునేవాడు, చీకటి పడ్డాక ఇంటికొచ్చి కుర్చీలో కూర్చునేవాడు. ఊళ్లో వాళ్ల గడియారాలన్నీ నడిపించాడు గానీ తను మాత్రం ఆగిపోయాడు. కూతురు కట్టిచ్చిన అన్నం డబ్బా మూత తియ్యకుండానే తిరిగొచ్చేది. పక్కనున్న బేకరీలో క్రీము బన్నులు మాత్రం లోపలికి పోయేవి, పొద్దున్న రెండు, సాయంత్రం రెండు. వాటిని నమలడానికి కూడా పెద్దగా ఓపిక అక్కర్లేదు. అలా పద్నాలుగు నెలలు గడిచాయి.

కూతురు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఒకరోజు తండ్రి చెయ్యి పట్టుకుని తనే రక్తం తీసింది, తనే ఫలితం చూసింది, అరగంటలో ఆయన్ని ఆటోలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ కాగితాలు చూసి, కళ్లజోడు తీసి, "నడుస్తారా?" అంది.

"కొట్టుంటుందండీ" అన్నాడు వాచీలాయన.

"రోజుకి నలభై నిమిషాలు నడవండి, ఆ బన్నులు మానండి. లేకపోతే వచ్చే ఏడాది ఈ కుర్చీలో మీరుండరు. మీ అమ్మాయి కూర్చుని, ముందే ఎందుకు చెప్పలేదని నన్నడుగుతుంది. చెప్పానని రాసిపెట్టుకుంటున్నాను" అంది. అని, నిజంగానే రాసుకుంది.

బయటికొచ్చాక వాచీలాయనకి భయం వెయ్యలేదు. వచ్చే ఏడాది లేకపోతే ఏమైంది అనిపించింది. పైగా మనసు కాస్త తేలికపడింది. ఆ మాట పైకి అనలేదు గానీ, కూతురు ఆయన మొహం చూసింది. చూసి, ఆయన్ని కొట్టు దగ్గర దింపి, తిన్నగా మావయ్య కొట్లోకి వెళ్లి, కత్తిరించడానికి పరిచిన గుడ్డ మీద తలపెట్టుకుని ఏడ్చింది.

పావంగుళం మాస్టారు మెట్ల కిందికి వచ్చి, బావమరిదిని పలకరించకుండానే మెళ్లోంచి టేపు తీశాడు.

"లే బావా."

"ఎందుకు బావగారూ?"

"కూర్చుంటే పొట్ట అబద్ధం చెబుతుంది. లే."

వాచీలాయన లేచాడు. ఆ కొట్లో ఇద్దరు నిలబడే చోటు లేదు, ఒకరు బజార్లో నిలబడి, ఒకరు లోపల నిలబడి కొలతలయ్యాయి. మాస్టారు వచ్చేపోయేవాళ్లందరికీ వినబడేట్టు, "నలభై రెండున్నర" అన్నాడు. "పోయినేటికి ముప్పై ఎనిమిది. నాలుగున్నర అంగుళాలు బావా. నువ్వొక్కడివే నడవడం లేదు, నీ ముందు ఇంకొకడు నడుస్తున్నాడు."

"నేనెక్కడ నడుస్తున్నాను?"

"రేపట్నించి నడుస్తావు. పొద్దున్న ఆరింటికొస్తా."

"నాకు ఓపిక లేదు బావగారూ. నన్నిలా వదిలెయ్యండి."

"నీ ఓపిక నేను కొలవలేను. నడుం కొలవగలను. ఆరు వారాలు నాతో నడు. ఆదివారం ఆదివారం కొలుస్తా. ఆరు వారాల్లో పావంగుళమన్నా తగ్గకపోతే నేనే చెబుతా, కూర్చో బావా, ఇంక నడవక్కర్లేదని. అమ్మాయికి కూడా నేనే సర్దిచెబుతా. ఆపైన నిన్నెవరూ పీడించరు."

వాచీలాయన ఆలోచించాడు. ఆరు వారాలు కాళ్లు నొప్పెట్టుకుంటే జన్మకి సరిపడా ప్రశాంతత దొరుకుతుంది. చెప్పినవాడు మాట తప్పేవాడు కాదు, పావంగుళం దగ్గర అబద్ధమాడేవాడు అసలే కాదు. సరేనన్నాడు.

పావంగుళం మాస్టారుతో నడవడం ఎలాంటిదో నడిచినవాళ్లకే తెలుస్తుంది. ఇంటి దగ్గర బయల్దేరి, బేకరీ దాటి, వంతెన మీదుగా నీళ్ల పంపుల షెడ్డు దాకా పోయి వెనక్కి రావాలి. దారి పొడుగునా ముందు పోయేవాళ్ల బట్టల మీద వ్యాఖ్యానం. "ఆ ప్యాంటు చూశావా, కుడికాలు పొట్టి." "ఆ చొక్కా కుట్టినవాణ్ణి నేనెరుగుదును, వాడు చెయ్యాల్సిన పని వడ్రంగం." ముందు పోయేవాళ్లు తిరిగి చూసేవాళ్లు. వాచీలాయన తల దించుకుని నడిచేవాడు. మామూలు రోజుల్లో అయితే ఇవన్నీ ఇంటికెళ్లి భార్యకి చెప్పేవాడు, ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వేది. ఇప్పుడు ఎవరికి చెప్పాలో తెలియక అవి లోపలే ఉండిపోయేవి.

వంతెన ఎక్కేసరికి ఆయనకి ఆయాసం వచ్చేది. కమ్మీ పట్టుకుని నిలబడిపోయేవాడు. ఆ నిమిషంలోనే మాస్టారుకి ఆ కమ్మీలు కొలవాలనిపించేది. "ఉండు బావా, ఈ సందు ఎంతుందో చూసుకోనీ" అని టేపు తీసి, ఒక్కొక్కటే తాపీగా కొలిచేవాడు. ఆయాసం తీరేదాకా కొలతలు తెమిలేవి కావు. ఆ వంతెన కమ్మీల మధ్య సందు ఏడున్నర అంగుళాలని ఊరు మొత్తం మీద ఆ ఇద్దరికే తెలుసు.

మొదటి ఆదివారం నలభై రెండున్నర. అంగుళం కదల్లేదు, పావంగుళం కదల్లేదు. రెండో ఆదివారం నలభై రెండూ ముప్పావు.

"పెరిగింది" అన్నాడు మాస్టారు. దాచడం ఆయనకేం తెలుసు.

వాచీలాయన నవ్వాడు. భార్య పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. "చూశారా మరి. ఇంకెన్ని వారాలుంది?"

"నాలుగు."

"నాలుగే" అన్నాడు వాచీలాయన, సెలవులు దగ్గరపడ్డవాడి గొంతుతో.

మాస్టారు ఆయన మొహంలోకి చాలాసేపు చూశాడు. కొలిచిన అంకెని ఎప్పటికప్పుడు నోట్‌బుక్కులో రాసుకునే మనిషి, ఆరోజు రాసుకోవడం మర్చిపోయి వెళ్లిపోయాడు.

మూడో ఆదివారం మాస్టారు జేబులోంచి టేపు తీసి కొలిచి, గొంతు సవరించుకుని, "నలభై రెండుంబావు. అరంగుళం తగ్గావు" అన్నాడు.

వాచీలాయన నమ్మలేదు. "సరిగ్గా చూడండి బావగారూ."

"పావంగుళం దగ్గర నన్ను అనుమానిస్తున్నావా?"

అనుమానించడానికి వీల్లేదు. ఆయన మాట మీద ఆ బజార్లో మనుషులు కొత్త బట్టలు వేసి కూడా చూసుకోకుండా పట్టుకుపోతారు. వాచీలాయన ఆ పూట బీరువా అద్దం ముందు నిలబడి పక్కకి తిరిగి చూసుకున్నాడు. పెద్దగా ఏమీ కనబడలేదు గానీ, బావగారికి కనబడింది కదా అనుకున్నాడు. సాయంత్రం బేకరీలో ఒక్క బన్నే తీసుకున్నాడు. సగం తిన్నాక, ఎందుకో, మిగతాది కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు.

నాలుగో ఆదివారం నలభై రెండు. ఆరో ఆదివారానికి నలభై ఒకటీ ముప్పావు. గడువు అయిపోయింది, కూర్చోవచ్చా అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. మర్నాడు ఆరింటికి వాచీలాయనే ముందుగా చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.

మధ్యలో మాస్టారు, "నీ ప్యాంట్లు నలిగిపోతున్నాయి, ఇస్త్రీ చేసి పంపిస్తా ఇవ్వు" అని పట్టుకెళ్లేవాడు. అవి తిరిగొచ్చి వేసుకుంటే నడుం దగ్గర వదులు. వాచీలాయన బెల్టు కొన్నాడు. ఆ బెల్టు పెట్టుకున్న రోజు కొట్టుకి వచ్చినవాళ్లందరి ముందూ ఒకసారి లేచి నిలబడ్డాడు. మరో నెలకి పంపుల షెడ్డు దగ్గర ఆగకుండా ఇంకా ముందుకి పోయి రైలుకట్ట దాకా నడుస్తున్నారు. వంతెన మీద ఆగడం మానేశారు, కమ్మీలకి విశ్రాంతి దొరికింది. అన్నం డబ్బా ఖాళీగా ఇంటికి రావడం మొదలుపెట్టింది. రాత్రి నిద్ర పట్టేది. నాలుగో నెలలో కూతురు మళ్లీ రక్తం తీసి, ఫలితం రెండుసార్లు చదివి, "నాన్నా, ఇది నీదేనా" అంది.

భార్య జ్ఞాపకం వస్తే ఇంకా గుండె బరువెక్కేది. అది తగ్గలేదు, తగ్గాలని కూడా ఆయనకి లేదు. కానీ వచ్చే ఏడాది లేకపోతే ఏమైంది అన్న ఆలోచన మాత్రం ఎప్పుడు మానుకున్నాడో తెలియకుండా మానుకున్నాడు.

అయిదో నెలలో ఆ కోటు వ్యవహారం జరిగింది.

కాలేజీ ప్రిన్సిపాలుగారు ఉద్యోగం నుంచి దిగిపోతున్నారు. ఆయనకి సభ, సన్మానం. దానికోసం పావంగుళం మాస్టారు దగ్గర కోటు కుట్టించుకున్నారు. ఇరవై ఏళ్ల ఖాతాదారు, నమ్మకం కొద్దీ వేసి చూసుకోకుండా పట్టుకెళ్లారు. సభ అయిన మర్నాడు పొద్దున్నే కోటు చంకలో పెట్టుకుని కొట్లోకి వచ్చారు. ఆ సమయానికి వాచీలాయన అక్కడే నిలబడి బావగారి గోడగడియారానికి కీ ఇస్తున్నాడు.

"మాస్టారూ, ఇదెవరిది?" అన్నారు ప్రిన్సిపాలుగారు.

"మీదేనండి."

"నాదైతే నాకు పట్టాలి కదా. నాలుగొందల మంది ముందు బొత్తం పెట్టుకోబోతే పడలేదు. ఊపిరి బిగబట్టి పెట్టుకున్నాను. దండ వెయ్యడానికి వంగమన్నారు. వంగాను. బొత్తం ఎగిరి కలెక్టరుగారి టీకప్పులో పడింది."

మాస్టారు ఆయన ఛాతీ కొలిచాడు, తర్వాత కోటు కొలిచాడు. అంగుళంబావు బిగుతు. ఆయన చెయ్యి ఒక్కసారి చొక్కా జేబు మీదికి పోయి ఆగింది. ఆయన బావమరిది వైపు చూశాడు, వెంటనే కళ్లు తిప్పుకున్నాడు.

"ఎలా జరిగిందండీ ఇది?" అన్నారు ప్రిన్సిపాలుగారు. "మీ చేతిలో అంగుళంబావు తేడానా?"

"వయసైపోయిందండి" అన్నాడు మాస్టారు తల దించుకుని. "చూపు ఆనడం లేదు. చేతులు తడబడుతున్నాయి. తప్పు నాది."

వాచీలాయన చేతిలో కీ అలాగే ఉండిపోయింది. ఆ మనిషి చూపు ఎలాంటిదో ఆయనకి తెలుసు. ఆరోజు పొద్దున్నే వంతెన మీద ఇరవై గజాల దూరం నుంచి ఎవడి కాలరో వంకరగా ఉందని చెప్పి తిట్లు తిన్నాడు.

వార్త సాయంత్రానికి బజారంతా పాకింది. బేకరీవాడు పావంగుళం మాస్టారు అనడం మానేసి అంగుళం మాస్టారు అన్నాడు. అందరూ నవ్వారు. పక్క వీధి దర్జీ తొమ్మిదేళ్ల తర్వాత ఈ బజార్లో అడుగుపెట్టి, పనేమీ లేకపోయినా అటూ ఇటూ రెండుసార్లు తిరిగి వెళ్లాడు. బ్యాండు మేళం వాళ్లు యూనిఫారాల కొలతలిస్తామని చెప్పి రాలేదు. మాస్టారు ఎవరి నడుమూ చూడ్డం లేదు. ఎదురుపడ్డవాళ్లని, "బాగున్నారా" అంటున్నాడు. ఆ మాట ఆయన నోట వినడానికి భయంగా ఉందని వాచీలాయన కూతురు అంది.

బుధవారం నాడు వాచీలాయన ఉండబట్టలేక వాళ్లింటికి వెళ్లాడు. మాస్టారు లేడు. గుమ్మంలో ఆయన భార్య బియ్యం ఏరుతోంది.

"అక్కయ్యా, బావగారి కళ్లు నిజంగా బాలేవా?"

"ఆయన కళ్లకేం? నిన్న నా ముక్కుపుడక వెంట్రుకవాసి పక్కకుందని చెప్పాడు. కళ్లు కాదు నాయనా, బుర్ర. లోపలికెళ్లి చూడు, నీకే తెలుస్తుంది."

వాచీలాయన వెనక గదిలోకి వెళ్లాడు. దూలానికున్న కొక్కేనికి ఒక టేపు వేలాడుతోంది. టేపు చివర ముడేసిన బొగ్గుల ఇస్త్రీ పెట్టె, పాతకాలంది, అయిదు కిలోలది, గాల్లో మెల్లగా తిరుగుతోంది. టేపు తడిగా ఉంది. కింద నేల మీద నీటిచుక్కలు.

"మొదట్లో శనివారం శనివారం కట్టేవాడు. ఇప్పుడు బుధవారం కూడా కడుతున్నాడు" అంది ఆవిడ వెనకనుంచి. "ఎందుకూ అంటే ఇస్త్రీ పెట్టెకి గాలి తగలాలంటాడు. నలభై టేపులు కోసి పారేసిన మనిషి, దీన్ని మాత్రం కొయ్యలేక బీరువాలో దాచుకున్నాడు. ఇప్పుడేమో దీనికీ శిక్ష."

వాచీలాయన దగ్గరికి వెళ్లి చూశాడు. టేపు మొదట్లో ఎర్రదారం చుట్టి ఉంది. పోగు జారకుండా దగ్గర దగ్గరగా, కాజా కుట్టినట్టు. ఆ చేతిపని ఎవరిదో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇరవై ఆరేళ్లు ఆ టేపు ఆవిడ మెళ్లో ఉంది.

ఆయన జేబులో ఎప్పుడూ ఒక చిన్న ఉక్కు స్కేలు ఉంటుంది, వాచీ అద్దాలు కొలుచుకోవడానికి. తీసి టేపు పక్కన పెట్టాడు. టేపులో అయిదు అంగుళాలు, ఉక్కు స్కేలు మీద అయిదు దాటి పావంగుళానికి కాస్త తక్కువ.

ఆయన అక్కడే ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. గడియారాల మనిషి, లెక్క కట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. నలభై రెండుంబావు అన్న రోజు తను తగ్గలేదు. నలభై ఒకటీ ముప్పావు అన్న రోజూ తగ్గలేదు. ఆరు వారాల గడువు నాటికి తన నడుం దారప్పోగంత కూడా తగ్గలేదు. ఇస్త్రీకని పట్టుకెళ్లిన ప్యాంట్లు ఎందుకు వదులయ్యాయో కూడా అర్థమైంది. వేసుకున్న ప్యాంటు నడుంపట్టీ మడిచి చూసుకుంటే, పాత కుట్టు విప్పిన సూదిరంధ్రాలు వరసగా కనబడ్డాయి. ముందు సిగ్గేసింది. అందరి ముందూ లేచి నిలబడి చూపించుకున్న బెల్టు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. తర్వాత కోపం వచ్చింది. చిన్నపిల్లాణ్ణి చేసి ఆడించారు కదా అనుకున్నాడు.

ఇస్త్రీ పెట్టె ఆయన మొహం ముందు తిరుగుతూనే ఉంది. మాట ప్రకారం అయితే ఆరో ఆదివారం బావగారు వచ్చి, కూర్చో బావా అనాలి. అనుంటే తను కూర్చునేవాడు. ఆ సంగతి తనకీ తెలుసు, బావగారికీ తెలుసు. పావంగుళం కోసం వానలో వకీలింటికి పోయిన మనిషి, తన ఒక్కడి కోసం వారం వారం అబద్ధాన్ని నీళ్లలో నానబెట్టి, బరువు కట్టి, సాగదీశాడు. ఒక ఆదివారం ఆ టేపుతోనే కొట్లోకి వెళ్లి, ఏమరుపాటున అదే ప్రిన్సిపాలుగారికి పెట్టుంటాడు. టేపు మారింది అని ఒక్కమాట చెబితే ఆయన పరువు నిలిచేది. పక్కన తను నిలబడ్డాడని చెప్పలేదు.

వాచీలాయన లేచి మొహం తుడుచుకున్నాడు. "అక్కయ్యా, నేనొచ్చానని బావగారికి చెప్పకు" అని, తిన్నగా ప్రిన్సిపాలుగారింటికి వెళ్లాడు.

అక్కడ ఉన్నదున్నట్టు చెప్పాడు. ప్రిన్సిపాలుగారు ఇస్త్రీ పెట్టె దాకా గంభీరంగానే విన్నారు, అక్కడ మాత్రం ఆపుకోలేక నవ్వారు. నవ్వి, కళ్లు తుడుచుకుని, "కోటు వదులు చేసిస్తానని కబురు పెట్టాడు మీ బావగారు. వద్దని చెప్పండి. కోటు సరిగ్గానే ఉంది, నేనే ఎక్కువున్నాను. మీరు పొద్దున్న ఎన్నింటికి బయల్దేరతారు?" అన్నారు.

ఆదివారం పొద్దున్న మాస్టారు వచ్చి, జేబులోంచి టేపు తీశాడు.

"ఆగండి బావగారూ" అన్నాడు వాచీలాయన. ఆ టేపు తీసుకుని బల్ల మీద పరిచి, పక్కన ఉక్కు స్కేలు పెట్టాడు. ఇంకో పక్కన కత్తెర పెట్టాడు. "టేపు సాగినట్టుంది. సాగిన టేపుని ఏం చెయ్యాలో మీకు తెలుసు కదా."

మాస్టారు కత్తెర చేతిలోకి తీసుకున్నాడు. మళ్లీ పెట్టేశాడు.

"అది చెల్లిది బావా."

"తెలుసు."

"ఎప్పట్నించి తెలుసు?"

"బుధవారం. ఇస్త్రీ పెట్టెకి గాలి తగులుతుంటే చూశాను."

మాస్టారు మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. "ఆరోజు నువ్వు నాలుగే అన్నావు. నాలుగే అని నవ్వావు బావా. చెల్లి ఎటూ పోయింది. నువ్వు కూడా పోవడానికి రోజులు లెక్కపెట్టుకుంటుంటే, నా టేపు నీకు దారి చూపించింది. నాకింకేం తోచలేదు. ఇంట్లో సాగిన టేపు అదొక్కటే ఉంది. చెల్లెలు కూడా అడ్డం చెప్పదులే అనుకున్నాను."

వాచీలాయన బల్ల దగ్గరికి జరిగాడు. ఎర్రదారం పైకి వచ్చేట్టు టేపుని చుట్టచుట్టి, బల్ల సొరుగులో భార్య కళ్లజోడు పక్కన పెట్టాడు. "ఇది కొలవడానికి పనికిరాదు. ఇక్కడుంటుంది" అన్నాడు. "మీ అసలు టేపు తియ్యండి."

మాస్టారు మెళ్లోంచి టేపు తీశాడు. ఆయన చేతులు ఇప్పుడు నిజంగానే తడబడ్డాయి. కూతురు వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడింది. బయట గేటు దగ్గర కొత్త బూట్లు వేసుకుని, కోటు చేతిమీద వేసుకుని ప్రిన్సిపాలుగారు ఎదురుచూస్తున్నారు.

మాస్టారు టేపు చుట్టి, చదివి, ఇంకోసారి చదివాడు.

"నలభైంబావు" అన్నాడు. "రెండుంబావు తగ్గావు బావా. ఇది నిజం తగ్గడం."

"మీరు పోయిన వారం ముప్పై తొమ్మిదన్నారు" అన్నాడు వాచీలాయన. "ఒక్క వారంలో ఇంత పెరిగానంటే అమ్మాయి బాధపడుతుంది. నలభై అని రాసుకోండి, పోనీ."

మాస్టారు మొహం చిట్లించాడు. బజార్లో అందరూ పోయిందనుకున్న ఆ పాత చిరాకు, పావంగుళం కూడా తగ్గకుండా, మొహంలోకి తిరిగొచ్చింది.

"పావంగుళం అబద్ధం రాయమంటావా? నావల్ల కాదు బావా" అన్నాడు. నోట్‌బుక్కు తీసి నలభైంబావు అని రాసుకుని, దాని కింద గీత గీసి, గేటు వైపు చూసి, "ఆ ప్రిన్సిపాలుగారు మళ్లీ అర పెరిగారు, పద" అన్నాడు.